వాళ్ళకేం ఇష్టం?

ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో గోడమీద పోయినవాళ్ళ ఫొటోలు కనిపిస్తాయి. ఈమధ్య వాటిని చూసినప్పుడల్లా ఒక ప్రశ్న మనసును తొలుస్తోంది. వీళ్ళంతా ఒకేలా ఉన్నారేమిటి? ఏ రేషన్ కార్డు కోసమో దిగిన ఫొటోనో, ఏ పెళ్ళిలోనో గుంపులో నిలబడ్డ ఫొటోనో తీసుకెళ్ళి స్టూడియోలో ఇస్తాం. వాళ్ళు మనిషిని గుంపులోంచి విడదీసి, వెనక నీలం తెర వేసి, ముఖంమీది ముడతలు సరిచేసి, పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇస్తారు. దానికొక గంధపు చెక్కల దండ, పైన చిన్న బల్బు, కింద రెండు తేదీలు. ఆ రెండు తేదీల నడుమ నవ్వి, అలిగి, అప్పులు చేసి, పిల్లల్ని కని, పొరుగువాళ్ళతో గట్టు తగాదాలు పడిన మనిషి, ఫ్రేములోకి వెళ్ళేసరికి ఎవరితోనూ ఏ పేచీ లేని పెద్దమనిషి అయిపోతాడు. మా నాయనమ్మ ఫొటో కూడా అంతే. ఆమె అడ్డపొగ చుట్ట కాల్చేది. ఎండు నెత్తళ్ళు వేసి వంకాయ వండిన రోజున మారు వడ్డించుకునేది. వాన పడుతుంటే అరుగుమీద కూర్చుని ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు, చినుకుల చప్పుడు వినాలనేది. ఇవేవీ ఆ ఫొటోలో లేవు. ఫొటోలో ఎలా ఉంటాయి అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఏటేటా ఆమె పేరున వడ్డించే విస్తట్లోనూ లేవు. పోయినవాళ్ళను గౌరవించడమంటే ఆ మనిషిలోంచి ఆ మనిషినే తీసెయ్యడమా?

ఈ ప్రశ్న పుట్టింది హ్యూస్టన్‌లో. మా చెల్లెలింటికి వెళ్ళిన ఏడాది, నవంబరు మొదట్లో, పక్కింటి మెక్సికన్ ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచింది. హాల్లో ఒక మూల బల్లలు మెట్లుమెట్లుగా పేర్చి, ఎర్రటి గుడ్డ పరిచి, దాని నిండా ఏవేవో సర్దారు. పైమెట్టున వాళ్ళ నాన్న ఫొటో, మేరీమాత బొమ్మ, అటూ ఇటూ కొవ్వొత్తులు. ఒక గాజుగ్లాసులో నీళ్ళు, చిన్న పళ్ళెంలో ఉప్పు, పైన ఎముకల ఆకారం అద్దిన గుండ్రటి రొట్టెలు. అంతవరకూ పూజే అనిపించింది. కిందిమెట్టున మాత్రం ఒక కోకాకోలా గాజుసీసా, మూత తీసి ఉంది. దాని పక్కన సిగరెట్ పెట్టె, అంచులు నలిగిన పేకల కట్ట, చదువుకునే కళ్ళద్దాలు. చెల్లెలు మెల్లగా అడిగితే ఆవిడ చెప్పింది. నాన్న ప్లాస్టిక్ సీసాలో కోక్ ముట్టుకోడట, గాజుసీసాలోదే కావాలి. పేకాటలో మోసం చేసి గెలుస్తాడు, గెలిచాక ఒప్పేసుకుంటాడు. సిగరెట్లు మానమని వాళ్ళమ్మ జీవితమంతా పోరింది, ఇప్పుడు ఆమే కొని తెచ్చి పెట్టింది. ఇదంతా చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్నది దుఃఖమో, ఊరినుంచి చుట్టం దిగుతున్నాడని ఇల్లు సర్దుకునేవాళ్ళ హడావుడో నాకు తేలలేదు. ఎన్నడూ చూడని ఒక మనిషి నాకు కాసేపట్లోనే తెలిసిపోయాడు. ఏటా ఈ రోజుల్లో జరిగే పోయినవాళ్ళ పండుగకు పరిచే ఈ బల్లను వాళ్ళు ఒఫ్రెండా అంటారు. దాన్ని అలంకరించడమని నేననుకున్నది నిజానికి ఒక మనిషి స్వభావాన్ని వస్తువుల్లో రాయడం.

ఆ బల్ల చుట్టూ బంతిపూలు. రేకులు తుంచి గుమ్మం నుంచి బల్లదాకా బాటగా పరిచారు, వచ్చేవాళ్ళు ఆ రంగూ వాసనా పట్టుకుని దారి తప్పకుండా వస్తారట. ఆ వాసన తగలగానే నా కళ్ళముందు సంక్రాంతి గొబ్బెమ్మలూ దసరా గుమ్మాలూ ఆడాయి. అయితే ముద్దబంతికి పుట్టిల్లు మెక్సికోనే. సెంపసూచిల్ అని వాళ్ళు పిలిచే ఈ పువ్వును స్పెయిన్ వాళ్ళు రాకముందే అజ్టెక్‌లు పూజల్లోనూ వైద్యంలోనూ వాడేవారు. మిరపకాయ, జామ, సీతాఫలం వచ్చినట్టే అదీ యూరప్ ఓడలెక్కి మన తీరానికి చేరింది. తెలంగాణలో పెద్దలకు బియ్యం ఇచ్చుకునే పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు, తంగేడు, గునుగు పక్కన బంతి కూడా ఒదుగుతుంది. అక్కడ పోయినవాళ్ళకు దారి చూపే పువ్వు ఇక్కడికొచ్చి పోయినవాళ్ళ అమావాస్య రోజునే చేతుల్లోకి రావడం చూస్తే ఏదో అర్థం వెతకాలనిపిస్తుంది. అర్థమేమీ లేదేమో, వానలు వెనకబట్టే వేళకు రెండుచోట్లా పూస్తుంది గనుక ఇలా కుదిరిందేమో? అయి ఉండొచ్చు. కానీ మెక్సికోలో ఆ రోజులు మొక్కజొన్న పంట ఇంటికొచ్చే రోజులు. పువ్వు పూసేది, గింజ చేతికొచ్చేది, పోయినవాళ్ళు గుర్తొచ్చేది ఒకే కాలం కావడం ఉత్తినే జరిగిందని కొట్టిపారేయలేను. ఇంట్లో గింజ ఉన్నప్పుడే గదా ఎవరినైనా భోజనానికి పిలుస్తాం.

ఆ పిలుపుకు ఒక వరస ఉంది. చాలా ఊళ్ళలో అక్టోబరు 28 ప్రమాదాల్లోనూ హత్యల్లోనూ పోయినవాళ్ళది. నవంబరు 1 పసితనంలో పోయినవాళ్ళది. నవంబరు 2 పెద్దవాళ్ళది. పిల్లలకు కారం లేకుండా వండి చిన్న చిన్న గిన్నెల్లో పెడతారు, పక్కన బొమ్మలు ఉంచుతారు. పోయిన పిల్లవాడికి కారం తగలకూడదని వంటింట్లో జాగ్రత్తపడే ఆ తల్లిని ఊహించుకుంటే, సిద్ధాంతాలన్నీ ఆమె గరిటె ముందు చిన్నబోతాయి. పెద్దలకు మోలే ఉంటుంది, ఎండుమిరపకాయలూ గింజలూ దినుసులూ నూరి, కొన్నిచోట్ల చాక్లెట్ కూడా కలిపి, ఓపికగా వండే చిక్కటి పులుసు. మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరిమీద ఉడికించే తమాలే ఉంటుంది. తాగే అలవాటున్నవాళ్ళకు మెస్కాలో టెకీలానో ఉంటుంది. దూరం నడిచి దాహంతో వస్తారని నీళ్ళు. చెట్టు జిగురు నుంచి తీసిన కోపాల్ ధూపం. వచ్చినవాళ్ళు వంటల వాసనను మాత్రమే ఆరగిస్తారని నమ్మకం. అందుకే ఆ తర్వాత ఇంటివాళ్ళు పంచుకుని తింటున్నప్పుడు రుచి తగ్గిందనేవాళ్ళుంటారు. మిచోవకాన్ రాష్ట్రంలో పాట్స్‌క్వారో సరస్సు నడుమ ఉన్న హనీట్సియో ద్వీపంలో పురెపెచా జాతి ఆడవాళ్ళు కొవ్వొత్తులు వెలిగించుకుని రాత్రంతా సమాధుల దగ్గర కూర్చుంటారు. మెక్సికో నగరం దక్షిణాన ఉన్న మీస్కిక్‌లో నవంబరు 2 రాత్రి శ్మశానమంతా దీపాలతో నిండిపోతుంది. శ్మశానానికి చీకటి పడ్డాక వెళ్ళొద్దని పిల్లలకు చెప్పి పెంచిన మనకు, పిల్లల్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళి అక్కడే నిద్రపుచ్చే ఊళ్ళున్నాయంటే నమ్మబుద్ధి కాదు.

ఇదంతా ఎక్కడినుంచి వచ్చింది? అజ్టెక్‌ల నమ్మకం ప్రకారం మామూలు చావు చచ్చినవాళ్ళు మిక్త్లాన్ అనే పాతాళానికి చేరాలంటే నాలుగేళ్ళు నడవాలి, నది దాటించడానికి ఒక కుక్క తోడుండాలి. పోయిన పిల్లలకూ పెద్దలకూ వేరువేరు పండుగలుండేవి. కాథలిక్ మతం వచ్చి నవంబరు 1ని సకల పునీతుల రోజుగా, 2ని సకల ఆత్మల రోజుగా నిలిపింది. 16వ శతాబ్దంలో దియేగో దురాన్ అనే దొమినికన్ సన్యాసి, ఆ రెండు రోజుల్లో స్థానికులు మొదట పిల్లలకూ మర్నాడు పెద్దలకూ నైవేద్యం పెట్టడం గమనించి, పాత పండుగను కొత్త తేదీల చాటున దాచుకున్నారేమోనని అనుమానపడ్డాడు. ఎల్సా మాల్విదో వంటి ఈ కాలపు చరిత్రకారులు మరో మాటన్నారు. ఆచారంలో ఎక్కువ భాగం యూరప్ కాథలిక్కులదేనని, అజ్టెక్ వారసత్వమన్నది 20వ శతాబ్దంలో విప్లవం తర్వాత జాతీయవాదం పెంచిన ఊహ అని వాళ్ళ వాదన. రెండు పక్షాలూ చదివాక నాకు తోచింది వేరు. దురాన్ చూసింది ఒక రాజ్యం కూలి, గుళ్ళు నేలమట్టమై, మశూచితో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన శతాబ్దం. ఆ జనానికి పాడె మోసే మనుషులు చాలలేదు, పాత దేవుళ్ళను పిలిచే వీలు లేదు. అలాంటప్పుడు ఎవరి దేవుడి పేరుమీదైనా సరే, పోయినవాళ్ళకు అన్నం పెట్టుకోవడానికి రెండు రోజులు దొరికాయి. వాటిని గట్టిగా పట్టుకున్నారు. ఇంతమంది చేయి తగిలిన పండుగలో ఎవరి వాటా ఎంతో తేల్చడం నాకంత ముఖ్యమనిపించదు.

చేయి అన్నాను గనుక ఆ చేతిపని గురించి కూడా చెప్పాలి. బల్లలకు తోరణాలుగా కట్టే చిల్లుల కాగితాన్ని పపెల్ పికాదో అంటారు. ప్వేబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విస్కొలోత్లా దానికి పేరుపడ్డ ఊరు. పల్చటి రంగు కాగితాలను దొంతరగా పేర్చి, ఉలి పెట్టి సుత్తితో కొడుతూ పువ్వులు, పక్షులు, నాట్యమాడే అస్థిపంజరాలు తొలుస్తారు. ఆ కాగితం మొదట 1565 నుంచి 1815 దాకా మనీలాకూ అకపుల్కోకూ మధ్య తిరిగిన ఓడల్లో ఆసియా నుంచి వచ్చింది. పుర్రెలు పోయడానికి వాడే చక్కెర పాకపు విద్య అరబ్బుల నుంచి స్పెయిన్‌కు, అక్కడినుంచి మెక్సికోకు చేరింది. ఏటా ఈ రోజుల ముందు తొలూకా నగరంలో వాటి సంత జరుగుతుంది. ఇంత నైపుణ్యమూ ఎన్నాళ్ళ కోసం? కొద్ది రోజుల కోసం. కాగితం వెలిసిపోతుంది, చక్కెరకు చీమలు పడతాయి, పూలు వాడిపోతాయి, బల్లను విప్పేస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ మొదలు. ప్వేబ్లాలోనే ఉన్న వాకెచూలాలో ఆ ఏడాది పోయినవాళ్ళకు తెల్లటి శాటిన్ గుడ్డతో ఇంటికప్పు అంటేలా అంతస్తులుగా బలిపీఠం కడతారు. పోయిన మనిషి ఫొటో నేరుగా కనపడదు, ఎదురుగా పెట్టిన అద్దంలో మాత్రమే కనిపిస్తుంది. వీధి తలుపులు తెరిచి ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా రొట్టె, వేడి చాక్లెట్ ఇస్తారు. గోడకు కొట్టిన మేకు ఫొటోను ఏళ్ళ తరబడి మోస్తుంది, మనం తలెత్తి చూసినా చూడకపోయినా. ఒఫ్రెండాకు ఆ సౌకర్యం లేదు. ఏటా ఎవరో ఒకరు కూర్చుని, ఈ మనిషికి ఏమేం కావాలి అని మొదటినుంచీ ఆలోచించాలి. ఆ ఆలోచించడమే స్మరణ అనుకుంటాను.

ఆ స్మరణ ఎంత దూరం వెళ్ళగలదో పొముచ్ చూపిస్తుంది. కంపేచే రాష్ట్రంలో మాయా జాతి వాళ్ళుండే ఊరది. అక్కడ పూడ్చిన కొన్నేళ్ళకు ఎముకలు బయటికి తీసి చెక్కపెట్టెలో పెడతారు. ఏటా ఈ పండుగ ముందు ఇంటివాళ్ళు వెళ్ళి ఆ ఎముకలను ఒక్కొక్కటిగా తీసి, మెత్తటి కుంచెతోనో గుడ్డతోనో దుమ్ము తుడిచి, కుట్టుపని చేసిన కొత్త గుడ్డ పరిచి మళ్ళీ సర్దుతారు. పాతబట్ట మార్చి కొత్తబట్ట కట్టడమే అది. మొదట చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. తర్వాత ఆలోచిస్తే, సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకునే అలవాటు కోస్తా ఇళ్ళల్లో ఉన్నదే. పీటమీద పంచో చీరో పెట్టి, దణ్ణం పెట్టుకుని, తర్వాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. కోరిక ఒకటే, మన ఆత్మీయుడు పండుగపూట మాసిన బట్టల్లో ఉండకూడదని. మనం పీట దగ్గర ఆగాం, వాళ్ళు ఎముక దాకా వెళ్ళారు. నాకు అంత ధైర్యం ఉందా? తల్లి పుర్రెను చేతుల్లోకి తీసుకుని తుడవగలిగే మనిషికి చావంటే భయం ఉండదని చెప్పలేను. తల్లిమీద ప్రేమ ఆ భయం కంటే పెద్దదై ఉంటుందని మాత్రం ఊహించగలను.

మెక్సికో చావుకు ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం ఒకటుంది. పెద్ద టోపీ, పూలు, ఈకలు, కింద పళ్ళికిలించే పుర్రె. కాత్రీనా. దాన్ని లోహపు పలకమీద చెక్కినవాడు హొసే గ్వాదలూపే పొసాదా, 1852లో అగ్వాస్కాలియెంతెస్‌లో పుట్టిన చిత్రకారుడు. ఆంతోనియో వనేగాస్ అర్రోయో అనే ముద్రాపకుడి దగ్గర, వీధుల్లో అమ్మే చవక కరపత్రాలకు బొమ్మలు వేసేవాడు. హత్యలు, వరదలు, దొంగలు, రాజకీయాలు, అన్నిటికీ ఆయన బొమ్మలే. తమ మూలాలు దాచిపెట్టి యూరప్ దొరసానుల్లా కనిపించాలని తాపత్రయపడేవాళ్ళను ఎత్తిపొడవడానికి ఆ టోపీ పుర్రెను గీశాడు. ఏ టోపీ పెట్టినా కింద ఉండేది ఇదే అన్నది అందులోని మాట. తర్వాత చిత్రకారుడు దియేగో రివేరా ఆ పుర్రెకు ఒళ్ళూ గౌనూ తొడిగి, 1947లో పూర్తిచేసిన అలమేదా పార్కు కుడ్యచిత్రం నట్టనడుమ నిలబెట్టాడు. ఆమెకు ఒక పక్కన పొసాదా, మరో పక్కన ఆమె చేయి పట్టుకుని పిల్లవాడి రూపంలో రివేరా, వెనక ఆయన భార్య ఫ్రీదా కాలో, చుట్టూ నాలుగు శతాబ్దాల మెక్సికో. ఆ చిత్రమున్న హోటల్ దెల్ ప్రాదో 1985 సెప్టెంబరు భూకంపంలో పాడైపోయింది. కుడ్యచిత్రం మాత్రం నిలిచింది, దాన్ని తరలించి దానికోసమే ఒక మ్యూజియం కట్టారు. నగరం శిథిలమైనప్పుడు చావు బొమ్మ బతికింది. మరి దాన్ని గీసిన మనిషి? పొసాదా 1913 జనవరిలో పేదరికంలో పోయాడు. దోలోరెస్ శ్మశానంలో డబ్బు కట్టనక్కర్లేని గుంటలో పూడ్చారు. ఏడేళ్ళు గడిచినా అడిగే మనిషి రాకపోతే ఆ ఎముకలను తీసి అందరి ఎముకలతోపాటు ఒకే గుంటలో కలిపేశారు. దేశమంతటికీ చావు ముఖాన్ని ఇచ్చినవాడికి ఒక బంతిపువ్వు పెట్టుకునేందుకు చోటు లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నా మనసు ఒక్కక్షణం ముందుకు కదలదు.

మెక్సికన్లు చావును చూసి నవ్వుతారని, భయపడరని తరచూ వింటుంటాం. నాకు ఆ మాటమీద గురి లేదు. మన దేశంలో 1962 నుంచి 1968 వరకు మెక్సికో రాయబారిగా ఉన్న ఒక్తావియో పాజ్, 1950లో వెలువడిన ‘ఏకాంతపు చిక్కుదారి’ వ్యాసాల్లో దీన్నే తడిమాడు. చావుతో పరాచికాలాడే మెక్సికన్‌ను వర్ణిస్తూనే, చావుపట్ల ఆ లెక్కలేనితనం బతుకుపట్ల లెక్కలేనితనంలోంచే వచ్చిందని ఆయన చెప్పిన తీర్పు కఠినమైనది. అది నిజమా? హ్యూస్టన్‌లో సీసా మూత తీసి పెట్టిన ఆవిడలో నాకు లెక్కలేనితనం కనిపించలేదు. తండ్రి చేతులకు మూత తీసే శ్రమ కూడా ఉండకూడదనే పట్టింపు కనిపించింది. పాజ్ రాసింది ఒక జాతి స్వభావం గురించి, నేను చూసింది ఒక కూతురిని. జాతి స్వభావాలు వెతికే దృష్టికి కూతుళ్ళు కనపడరేమో. ఆ పండుగకు బతికున్నవాళ్ళను పోయినట్టుగా ఊహించి ఆటపట్టిస్తూ పద్యాలు అల్లే అలవాటుంది, స్నేహితుల పేర్లు చక్కెర పుర్రెల నుదుటిమీద రాసి కానుకగా ఇచ్చే అలవాటుంది. ఆ నవ్వులో చావును తేలిక చేయడం కంటే, మనమూ ఈ వరసలోనే ఉన్నామని ఒకరికొకరు చెప్పుకోవడం ఎక్కువ.

నవ్వు ఆగిపోయే చోట్లున్నాయి. 2014 సెప్టెంబరు 26 రాత్రి గెరేరో రాష్ట్రంలోని ఈగ్వాలాలో, ఆయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు 43 మంది అదృశ్యమయ్యారు. వాళ్ళ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి చేసిన డిమాండు ఒక్కటే. బతికుండగా తీసుకెళ్ళారు, బతికుండగానే మాకివ్వండి. కళాశాల ఆవరణలో ఆ పిల్లల ఫొటోలతో 43 ఖాళీ కుర్చీలు వేశారు. మెక్సికోలో అధికారికంగా నమోదైన అదృశ్య వ్యక్తుల సంఖ్య 2022లో లక్ష దాటింది. కొడుకు జాడ తెలియని తల్లి నవంబరులో ఏం చేయాలి? ఒఫ్రెండా మీద కొడుకు ఫొటో పెడితే చనిపోయాడని ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే, ఒకవేళ నిజంగానే పోయి ఉంటే, అందరి పిల్లలూ తిరిగొచ్చే రాత్రి తన పిల్లవాడు ఆకలితో దారిలో ఉండిపోయినట్టు. ఇంత దారుణమైన సందిగ్ధం మరొకటి ఉంటుందా? ఆ బల్ల ఎంత పెద్ద ఓదార్పో నాకు ఇక్కడే తెలిసింది, దాన్ని పరుచుకోలేనివాళ్ళను తలుచుకున్నప్పుడు. వస్తాడని తెలిసినవాళ్ళకే వంట చేయగలం. కొడుకు ఏ లోకంలో ఉన్నాడో తెలియని తల్లి అతడి ఇష్టాలన్నీ నోటికి చెప్పగలదు, వండిపెట్టే రోజు మాత్రం ఆమెకు రాదు. మెక్సికోలో ఎంతోమంది తల్లులు తామే పలుగూ పారా పట్టుకుని పొలాల్లో, గుట్టల్లో ఎముకల కోసం తవ్వుతున్నారు. పొముచ్‌లో ప్రేమతో తుడిచే ఎముకా, వీళ్ళు వెతుక్కునే ఎముకా ఒకే దేశానివి.

ఇలాంటి పండుగ చుట్టూ సంత చేరకుండా ఉంటుందా? 2003లో యునెస్కో దీన్ని గుర్తించి, 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2013లో డిస్నీ సంస్థ ఆ పండుగ పేరుమీదే వ్యాపార హక్కులు అడిగి, జనాగ్రహం చూసి దరఖాస్తు వెనక్కి తీసుకుంది. 2015 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’ కోసం మెక్సికో నగర వీధుల్లో బ్రహ్మాండమైన పుర్రెల ఊరేగింపు తీశారు. అలాంటి ఊరేగింపు అంతకుముందు ఆ నగరానికి లేదు. 2016లో నగరం దాన్ని నిజంగానే మొదలుపెట్టింది, ఇప్పుడు ఏటా లక్షల మంది చూస్తారు. సినిమాలోంచి పుట్టిన ఆచారమని బాధపడాలా? కాసేపు బాధపడ్డాను. తర్వాత, అదే వీధుల్లో 2017 సెప్టెంబరు భూకంపం వచ్చి వందల మంది పోయాక జరిగిన ఆ ఏటి ఊరేగింపులో, శిథిలాల్లోంచి మనుషుల్ని తీసిన కార్యకర్తలకు గుర్తుగా పిడికిలి బొమ్మలు నడిచాయి. రాళ్ళ కింద ఊపిరి వినిపిస్తుందేమోనని నిశ్శబ్దం కోరుతూ వాళ్ళెత్తిన పిడికిలి అది. అరువు తెచ్చుకున్న ఊరేగింపును ఆ ఊరు తన దుఃఖంతో సొంతం చేసుకుంది. ఇంట్లో బల్ల ముందు జరిగేది ఎలాగూ సంతకు అందదు. ఎవరి నాన్నకు గాజుసీసా కావాలో ఏ కంపెనీకీ తెలియదు.

మళ్ళీ మళ్ళీ నేను వచ్చి ఆగేది ఇక్కడే, ఇష్టం దగ్గర. మంచితనాలు అందరివీ ఒకటే. దానధర్మాలు చేశాడు, నలుగురికీ సాయపడ్డాడు, పిల్లల్ని చదివించాడు. సంతాప సభల్లో ఏ పేరు పెట్టినా సరిపోయే మాటలివి. ఇష్టాలు అలా కావు. నేను పుట్టకముందే పోయిన మా తాతయ్య గురించి మా మేనత్తను అడిగితే, మంచివాడు, కోపిష్టి అని రెండు మాటలు చెప్పి చాలాసేపు ఊరుకుంది. తర్వాత ఉన్నట్టుండి, పాలు కాచిన దాక అడుగున అంటుకున్న మాడును గీకి తినేవాడంది. పిల్లలకు కూడా పెట్టేవాడు కాదట. ఆ ఒక్క మాటతో ఆయన నాకు తాతయ్య అయ్యాడు. ఇది మనకు లేని సంపద అని నేననను. మా ఊళ్ళో పెద్దల పండుగకు కల్లుముంత, వేటమాంసం, చుట్ట పెట్టే ఇళ్ళుండేవి, ఇప్పటికీ చాలా పల్లెల్లో ఉన్నాయి. మర్యాద పేరుతో, పట్నపు ఇళ్ళ శుభ్రత పేరుతో వాటిని కొందరం వదిలేసుకుంటూ వచ్చాం. బొమ్మ ముందు అలాంటివి పెట్టకూడదని ఎవరో అంటారు, ఆ ఏడు చుట్ట ఆగిపోతుంది. చుట్టతోపాటు మనిషీ కొంత ఆగిపోతుంది. పెద్దలకు నచ్చినవి పెట్టడం అమర్యాద అని ఎప్పుడు అనుకున్నామో గానీ, వాళ్ళను బతికుండగా ఎరిగినవాళ్ళు ఆ మాట అనలేరు.

అయితే మేనత్త తర్వాత ఆ పాలదాక సంగతి ఎవరికి తెలుస్తుంది? నాకు. నా తర్వాత? ఎంత ప్రేమగా దాచుకున్నా మూడు తరాలకో నాలుగు తరాలకో ఇష్టాలన్నీ చెరిగిపోతాయి. పేర్లు మిగిలితే అదే గొప్ప. తమకంటూ ఎవరూ లేకుండా పోయినవాళ్ళకు ఆ పేరు కూడా మిగలదు. ఆచారం ఇక్కడ చేతులెత్తేస్తుందా? మెక్సికోలో చాలా ఇళ్ళల్లో, తమ వాళ్ళకు పెట్టినవి పెట్టాక, ఒక కొవ్వొత్తి వేరే వెలిగిస్తారు. ఎవరూ తలుచుకోని ఒంటరి ఆత్మ కోసం. కొన్ని ఊళ్ళలో అలాంటివాళ్ళకు ఒక రోజే కేటాయించి, నీళ్ళూ రొట్టే పెడతారు. అందరి గుంటలో కలిసిపోయిన పొసాదా వంతు ఆ కొవ్వొత్తిలో ఉంది. మన తర్పణంలోనూ, అన్ని పేర్లూ అయ్యాక, బట్ట తడిపి పిండి, నీళ్ళు వదిలేవాళ్ళు లేక పోయినవాళ్ళ కోసం ఆ నీరు వదులుతారు. అంత దూరంలో ఉన్న రెండు జనాలు విడివిడిగా ఒకే చోటికి చేరడం వెనక ఒకే తర్కం ఉందనుకుంటాను. ఎవరి రుచి ఎవరికి తెలుసు అన్నది బంధుత్వం మీద ఆధారపడుతుంది, దాహం మీద ఆధారపడదు. కాబట్టి మన బాధ్యత రెండు రకాలు. ఎరిగినవాళ్ళ ఇష్టాలను, అవి ఎంత అల్పమైనవైనా, ఎంత అమర్యాదగా కనిపించినా, బతికున్నవాళ్ళను అడిగి రాసి పెట్టుకోవడం మొదటిది. ఎరగనివాళ్ళకు, ఇక ఎవరూ ఎరగలేనివాళ్ళకు, మనిషన్నవాడికి కనీసం ఏం కావాలో అది ఇవ్వడం రెండోది. మొదటిది చేస్తే మన పెద్దలు మనుషులుగా మిగులుతారు. రెండోది చేస్తే మనం మిగులుతాం.